ఉతికిన చీర, మళ్ళీ అద్దిన చీర: హాంకాంగ్ క్లాసిక్ చిత్రాల డిస్కులు తెచ్చేవారికి బహిరంగ లేఖ

చైనీస్ భాషల్లో వచ్చిన క్లాసిక్ చిత్రాల హక్కుదారులకు, వాటిని పునరుద్ధరించే నిపుణులకు, డీవీడీ, బ్లూరే, 4కె డిస్కులుగా ప్రచురించే సంస్థల యాజమాన్యాలకు,

నమస్కారం.

విషయం: వాంగ్ కార్-వై దర్శకత్వం వహించిన ‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’ (2000) పాత, కొత్త డిస్కుల మధ్య ఉన్న తేడాలు, చేసిన మార్పులను అట్టపెట్టె మీదే తెలపాలనీ, పాత రూపాన్ని కూడా అందుబాటులో ఉంచాలనీ వినతి.

మీరు చేసే పని లేకపోతే హాంకాంగ్, తైవాన్, చైనా సినిమాలు మాలాంటివారికి ఎక్కడో చదివిన పేర్లుగానే మిగిలిపోయేవి. ఆ కృతజ్ఞత మనస్ఫూర్తిగా చెప్పుకొని నేరుగా విషయానికి వస్తున్నాను. ఇదే సంగతి మీద డిస్కులు ప్రచురించే ఒక సంస్థకు గత రెండేళ్ళలో ఇంగ్లీషులో మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది అందిందంటూ ఒక అచ్చు జవాబు వచ్చింది, తక్కిన రెండింటికి అదీ రాలేదు. ఆ సంస్థ ఈ లేఖలో నేను పేర్కొనబోయే సంస్థ కాదు. దాని పేరు బయటపెట్టే ఉద్దేశం కూడా నాకు లేదు, ఎందుకంటే నా బాధంతా ఈ రంగంలో అందరికీ అలవాటైపోయిన ఒక పద్ధతి గురించి. అందుకే ఈసారి నా భాషలో, అందరూ చదివేలా రాస్తున్నాను.

ఈ చిత్రం గురించి మీకు చెప్పవలసిన పని లేదు గాని, ఈ లేఖ చదివే తెలుగువారి కోసం నాలుగు మాటలు. చైనీస్‌లో దీని పేరుకు పూలలాంటి ప్రాయం అని అర్థం. షాంఘై విడిచి హాంకాంగ్ చేరిన కుటుంబాలు ఇరుకు వాటాల్లో సర్దుకుని బతుకుతున్న 1962వ సంవత్సరంలో కథ మొదలవుతుంది. పక్కపక్క వాటాల్లో గదులు అద్దెకు తీసుకున్న ఒక పత్రికా ఉద్యోగి, ఒక ఆఫీసు కార్యదర్శి, ఆమె భర్తా అతని భార్యా తమకు తెలియకుండా దగ్గరయ్యారని నెమ్మదిగా గ్రహిస్తారు. ఆ పాత్రలు టోనీ లియుంగ్, మ్యాగీ చెంగ్ పోషించారు. 2000 కాన్ చిత్రోత్సవంలో లియుంగ్‌కు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది; ఛాయాగ్రాహకులు క్రిస్టఫర్ డాయిల్, లీ పింగ్-బిన్‌లకూ, కళాదర్శకత్వం, దుస్తులు, కూర్పు మూడూ చూసుకున్న విలియం చాంగ్‌కూ కలిపి సాంకేతిక బహుమతి వచ్చింది. ఆ సాంకేతిక బహుమతి ఏ పనికి దక్కిందో, ఆ పనే ఇప్పుడు డిస్కు డిస్కుకూ మారిపోతోంది.

జరిగిన సంగతులు ఇవి. అమెరికాలో క్రైటీరియన్ సంస్థ ఈ చిత్రాన్ని 2002లో డీవీడీగా, 2012లో బ్లూరేగా తెచ్చింది. 2021లో వాంగ్ కార్-వై తీసిన 7 చిత్రాలను ఒకే పెట్టెలో పెట్టి, ఇటలీలోని బొలోన్యా నగరపు లిమ్మాజినె రిత్రొవాతా ప్రయోగశాలతో కలిసి చేసిన 4కె పునరుద్ధరణతో మళ్ళీ తెచ్చింది. ప్రేక్షకులు గుర్తుపెట్టుకున్న రూపంలో ఈ చిత్రాలను నిలపాలా, తాను మొదట ఊహించుకున్న రూపంలో నిలపాలా అన్న సందిగ్ధం తనకు ఎదురైందని, ఇవి ఇక అవే చిత్రాలు కావని, మనం కూడా అదే ప్రేక్షకులం కామని దర్శకుడు స్వయంగా వివరణ రాశారు. వాటిలో ‘ఫాలెన్ ఏంజెల్స్’ (1995) తెర నిష్పత్తి, అంటే ఎత్తుకు వెడల్పు ఎన్ని రెట్లన్నది, 1.85 నుంచి 2.39కి పెరిగింది. ‘హ్యాపీ టుగెదర్’ (1997) నెగెటివ్‌లో కొంత భాగం అగ్నిప్రమాదంలో పాడైపోవడంతో లియుంగ్ స్వగతాలు కొన్నింటిని కుదించవలసి వచ్చిందని కూడా ఆయన చెప్పారు. ‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’ రంగులు పచ్చదనం వైపు జరిగాయని ఆ ఏడాదే చాలా దేశాల ప్రేక్షకులు గుర్తించి అడిగారు.

దర్శకుడు దాపరికం లేకుండా రాసినందుకు ఆయనకు నమస్కరిస్తున్నాను. తన సినిమాను తిరగ రాసుకునే హక్కు ఆయనకు ఉందనే నమ్ముతున్నాను. కాని ఆ వివరణ చదివినవారికే ఆ సంగతి తెలుస్తుంది. డిస్కులకు మూలమైన అదే మాస్టరు ప్రతి నుంచి రేపు మరో దేశంలో విడి డిస్కు వచ్చినా, స్ట్రీమింగ్‌లో చేరినా, ఆ వివరణ దాని వెంట వస్తుందన్న హామీ ఎక్కడా లేదు. ఈలోగా పాత ప్రతి దుకాణాల నుంచి తప్పుకుంటోంది.

మార్పు ఎంతదో అంకెల్లో చెప్పడం కష్టం కనుక మా ఇంట్లో జరిగిన ఒక సాయంత్రం గురించి చెబుతాను. మా అమ్మ చీరాలలో ఒక చీరల కొట్టులో ముప్పై ఏళ్ళు పనిచేసింది. ఉల్లిపొర రంగుకూ లేత గులాబీకీ, నెమలికంఠానికీ ఆనందా బ్లూకీ ఉన్న తేడాను ట్యూబులైటు కింద ఒకసారి, గుమ్మంలోకి తెచ్చి ఎండలో ఒకసారి చూసి చెప్పగలిగిన మనిషి. అమెరికాలో ఉన్న మా చెల్లెలు తెచ్చిన రెండు డిస్కులనూ ఒకే ప్లేయరులో, ఒకే టీవీలో, సెట్టింగులు ఏవీ కదపకుండా ఆవిడకు చూపించాను. ముందు 2012 బ్లూరేలో, హోటలు నడవాలో ఎర్రని తెరలు గాలికి ఊగే షాటు దగ్గర ఆపాను. తెరలు తడిపిన కుంకుమ రంగులో ఉన్నాయి. నీడపడ్డ మూలల్లో కూడా ఆ ఎరుపు వెచ్చగానే ఉంది. డిస్కు మార్చి 2021 ప్రతిలో అదే షాటు దగ్గర ఆపాను. తెరలు ఎర్రగానే ఉన్నాయి గాని కాస్త ఇటుక రంగు వైపు జరిగాయి, నీడల్లోకి పాచి పచ్చ పాకింది. తరువాత, కథానాయిక నూడుల్స్ తెచ్చుకోవడానికి డబ్బా పట్టుకుని మెట్లు దిగే చోటు పెట్టాను. పాతదాంట్లో గోడ మీది దీపపు వెలుగు కాచిన నెయ్యి రంగులో ఉంటే, కొత్తదాంట్లో పండీ పండని నిమ్మకాయ రంగులో ఉంది. అదే ఛాయ ఆమె చెంప మీద కూడా పడింది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: జుట్టు పోగులు, గోడ పెచ్చులు, దుస్తుల నేత కొత్తదాంట్లోనే స్పష్టంగా కనిపిస్తాయి.

మా అమ్మ రెండూ మార్చి మార్చి చూసి ఒక మాట అంది: “ఇది ఉతికిన చీర కాదురా, మళ్ళీ అద్దకం వేయించిన చీర. అద్దకం బాగానే ఉంది. కాకపోతే కొనేవాళ్ళకి ఆ ముక్క చెప్పి అమ్మాలి.” నేను మూడు ఉత్తరాల్లో చెప్పలేకపోయినదంతా అందులోనే ఉంది. పునరుద్ధరణ అన్న ఒక్క మాట కింద మీరు రెండు వేరు వేరు పనులు చేస్తున్నారు. గీతలు, మరకలు, వణుకు తీసి చిత్రాన్ని విడుదలైన నాటి రూపానికి తేవడం ఒకటి. విడుదలైన నాడు లేని రూపాన్ని ఇవ్వడం మరొకటి. రెండింటికీ అట్టపెట్టె మీద ఒకే మాట అచ్చువేస్తున్నారు.

నిడివి మారితే గడియారం చూసి కనిపెట్టవచ్చు. చెన్ కైగే తీసిన ‘ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్’ (1993) 171 నిమిషాల చిత్రాన్ని అమెరికా థియేటర్లలో 14 నిమిషాలు తగ్గించి వేశారు. ఆ కోత అంకెల్లో కనపడింది కాబట్టే అందరూ దాని గురించి మాట్లాడారు, పూర్తి చిత్రం తిరిగి వచ్చినప్పుడు గుర్తించారు. రంగుకు అలాంటి గడియారం లేదు. మొదటిసారి చూసేవారికి తాము చూస్తున్నదే అసలు రూపం అనిపిస్తుంది. దీనివల్ల సామాన్య ప్రేక్షకులకు జరుగుతున్నది ఇది:

1. కథే కొంత చేజారుతుంది. ఈ చిత్రంలో రోజులు గడిచాయని చెప్పడానికి తేదీలు వేయరు. మ్యాగీ చెంగ్ ఒంటి మీది చియోంగ్‌సామ్ అనే చైనీస్ గౌను మారుతుంది, మనం అది చూసి మరో రోజు వచ్చిందని తెలుసుకుంటాం. అదే మెట్లు, అదే వీధి దీపం, అదే సంగీతం; మారేది దుస్తు ఒక్కటే. చూసేవారి కన్ను పూల ప్రింటు నుంచి గీతలకు, ఎరుపు నుంచి పచ్చకు దూకాలి. అన్నిటి మీదా ఒకే ఛాయ పొరలా పరిస్తే ఆ దూకుడు మందగిస్తుంది. రంగును అక్షరంలా వాడుకున్న సినిమాలో రంగు మార్చడం అంటే వాక్యంలో మాట మార్చడమే. చీరల మధ్య పెరిగిన తెలుగు ఆడవాళ్ళకు ఈ సంగతి వివరించనక్కరలేదు. వాళ్ళు ఈ సినిమాను విమర్శకుల కంటే ముందే చదవగలరు, అసలు రంగులు వాళ్ళ ముందు పెడితే.

2. కొనగలిగినా ఆడించుకోలేం. బ్లూరే డిస్కులకు మీరు పెట్టుకున్న ప్రాంతీయ తాళాల్లో అమెరికా, హాంకాంగ్, తైవాన్ ‘ఏ’లో ఉన్నాయి, బ్రిటన్ ‘బీ’లో ఉంది, భారతదేశం చైనా ప్రధాన భూభాగంతో కలిసి ‘సీ’లో ఉంది. అంటే ఈ చిత్రానికి మంచి ప్రతులు వచ్చిన ఆ దేశాల్లో తాళం వేసి అమ్మిన బ్లూరే ఏదీ మా ఊరి దుకాణంలో కొన్న ప్లేయరులో ఆడదు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న అభిమాని అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడే ప్లేయరు వేరుగా తెప్పించుకోవాలి, విదేశాల నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో చోటు అడుక్కోవాలి, అన్నీ చేసి డిస్కు పెట్టాక అందులో ఏ రూపం ఉందో అప్పుడు తెలుసుకోవాలి. నచ్చకపోతే వెనక్కి పంపే దారి కూడా లేదు. 4కె డిస్కులకు ఈ తాళం లేదు, సంతోషమే. కాని 4కెలో వచ్చేది కొత్త రూపమే కనుక, తాళం తీసిన గదిలో పాత రూపం లేదు.

3. పాత డీవీడీలే దిక్కు అనుకునేవారికి శ్రుతి కూడా తప్పుతుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. బ్రిటన్, ఐరోపా దేశాల డీవీడీలు పాల్ అనే అక్కడి టీవీ పద్ధతిలో 25 ఫ్రేములకు వేగం పెంచి తయారుచేసేవారు. 98 నిమిషాల చిత్రం అలా 94 నిమిషాల్లో అయిపోతుంది, సరిచేయకపోతే ధ్వని శ్రుతి అర స్వరానికి కొంచెం తక్కువగా పైకి లేస్తుంది. మరో సినిమాలో ఇది పట్టించుకోకపోవచ్చు. ఇక్కడ జపాన్ సంగీతకారుడు ఉమెబయాషి స్వరపరచిన వయొలిన్ బాణీ, మూడు మాత్రల నడకలో, మనుషులు నెమ్మదిగా నడిచే షాట్ల కింద మళ్ళీ మళ్ళీ వస్తుంది. శ్రుతి పట్టుకున్న చెవులకు ఆ తేడా వినబడుతుంది, నెమ్మదిగా సాగవలసిన నడకలో ఒక తొందర చేరుతుంది.

4. ఒక భాష మాయమవుతోంది. ఇంటి యజమానురాలు సుయెన్ గారు షాంఘై భాషలో మాట్లాడుతుంది, తక్కిన మాటల్లో ఎక్కువ భాగం కాంటనీస్. ఒకటి వచ్చినవారికి రెండోది రాకపోవచ్చు, అంత దూరం భాషలు. మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు మాట్లాడుకున్నట్టు, ఆ వాటాల్లో షాంఘై మాట వినపడినప్పుడల్లా అది వలస వచ్చినవాళ్ళ ఇల్లని, ఇరుగుపొరుగు అంతా ఒకే ఊరి మనుషులని, కనుక నలుగురి నోళ్ళకు భయపడక తప్పదని తెలుస్తుంది. ఆ భయమే కథకు ఆయువుపట్టు. నేను చూసిన డిస్కులన్నింటిలోనూ ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు రెండు భాషలనూ ఒకే తీరుగా చూపిస్తాయి. ఇంగ్లీషు మాకు అసలే మరో భాష. అందులోంచి చూసే మాకు ఆ ఇల్లంతా ఒకే భాష మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా చిత్రం మెరుగవుతూ వచ్చింది, ఈ లోటు మాత్రం ఎవరికీ పట్టలేదు.

5. సినిమా చదువుకునే పిల్లలు, ఫిల్మ్ క్లబ్బులు నడిపేవారు ఒకే చిత్రం గురించి వాదించుకుంటున్నామనుకుని రెండు చిత్రాల గురించి వాదించుకుంటున్నారు.

ఇదంతా పునరుద్ధరణ మీద కోపంతో రాసినది కాదని విన్నవించుకుంటున్నాను. ఎడ్వర్డ్ యాంగ్ తైవాన్‌లో తీసిన ‘ఎ బ్రైటర్ సమ్మర్ డే’ (1991) నాలుగు గంటల చిత్రాన్ని ఏళ్ళ తరబడి మసకబారిన ప్రతుల్లోనే చూడవలసి వచ్చింది; 2009లో దాన్ని పునరుద్ధరించి, 2016లో డిస్కుగా తెచ్చినప్పుడు, చీకట్లో టార్చిలైటు వెలుగులో జరిగే దృశ్యాల్లో ఎవరు ఎక్కడ ఉన్నారో మొదటిసారి కనపడింది. అలాంటి పనికి మేము రుణపడి ఉన్నాం. మా వైపు చూస్తే, తొలినాటి తెలుగు టాకీలలో చాలావాటికి ఇవాళ ప్రతి అన్నదే లేదు. పోగొట్టుకున్నవాళ్ళం కనుకనే నిలబెట్టేవారి విలువ మాకు తెలుసు. పోగొట్టుకున్నవాళ్ళం కనుకనే, చేతికందిన రూపం ఒకటి చేజారుతుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాం.

చెప్పి చేసిన మార్పుకు ఆదర్శాలు కూడా ఉన్నాయి. 1957 నాటి నలుపు తెలుపు ‘మాయాబజార్’కు రంగులద్ది 2010 జనవరిలో విడుదల చేసినప్పుడు అది రంగుల ప్రతి అన్న సంగతి పోస్టరు మీదే ఉంది, నచ్చినవారు అది చూశారు, నచ్చనివారు పాతదే చూసుకుంటున్నారు, ఎవరూ మోసపోలేదు. వాంగ్ కార్-వై కూడా తన ‘ఆషెస్ ఆఫ్ టైమ్’ (1994)ను 2008లో రంగులు మార్చి, మళ్ళీ కూర్చి విడుదల చేసినప్పుడు పేరు చివర ‘రీడక్స్’ అని చేర్చారు. ఆ ఒక్క మాట చాలు. 2008లో చేయగలిగినది ఆ తరువాత ఎందుకు చేయకూడదో నాకు అర్థం కాలేదు.

కనుక మా కోరికలు ఇవి:

1. అట్టపెట్టె వెనక, నిడివీ భాషా రాసే చోటే, ఈ ప్రతిలో రంగు, తెర నిష్పత్తి, కూర్పు, ధ్వని విడుదలైన నాటివా, తరువాత మార్చినవా అన్నది రెండు వాక్యాల్లో రాయండి. మార్చినవైతే ఏ సంవత్సరంలో, ఎవరి పర్యవేక్షణలో మార్చారో చెప్పండి. స్ట్రీమింగ్ సంస్థలకు హక్కులు ఇచ్చేటప్పుడు ఆ రెండు వాక్యాలూ చిత్ర వివరాల్లో ఉండాలని ఒప్పందంలోనే చేర్చండి. వీటన్నింటిలో ముఖ్యమైనది ఇదే. తక్కినవి ఖర్చుతో కూడినవని మీరు అనవచ్చు, దీనికి అయ్యేది సిరా ఖర్చు మాత్రమే.

2. కొత్త రూపం తెచ్చినప్పుడు పాత రూపాన్ని అదే పెట్టెలో రెండో డిస్కుగా ఇవ్వండి. దాన్ని కొత్తగా శుభ్రం చేయనక్కరలేదు, 2012 నాటి మాస్టరు ఎలా ఉందో అలాగే ఇచ్చినా చాలు. దర్శకుడి ఇప్పటి అభిప్రాయానికి మొదటి స్థానం ఇవ్వండి, అందులో పేచీ లేదు.

3. ఛాయాగ్రాహకులు, కళాదర్శకులు, దుస్తుల రూపకర్తలు మన మధ్య ఉన్నంతకాలం, రంగుల విషయంలో వారిని కూడా అడిగి, వారి మాటను డిస్కులో నమోదు చేయండి. విడుదల నాటి ఫిల్మ్ ప్రింటు ఎక్కడైనా చెడిపోకుండా ఉంటే దాన్ని ప్రమాణంగా పక్కన పెట్టుకోండి.

4. రెండు భాషలు వినిపించే చిత్రాలకు సబ్‌టైటిళ్ళలో ఆ తేడా కనపడేలా చేయండి. ఒక భాషకు వాలు అక్షరాలు వాడినా సరిపోతుంది.

5. పాతికేళ్ళ కిందటి చిత్రాలకు ప్రాంతీయ తాళాలు తీసేయండి. భారతదేశంలో మీరు అమ్మని డిస్కును భారతదేశంలో ఆడకుండా ఆపడం వల్ల మీకు దక్కే లాభం ఏమీ లేదు.

ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని కూడా విడిగా పంపుతున్నాను. మొదటి కోరికకు అవుననో కాదనో ఒక్క వాక్యంలో జవాబిచ్చినా దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో పెట్టి, ఇది చదివినవారందరికీ చేరవేస్తాను. రెండు డిస్కులనూ పక్కపక్కన పెట్టి చూడాలనుకునే మీ ప్రతినిధి ఎవరైనా ఉంటే మా ఇంటికి రావచ్చు. టీవీ, ప్లేయరు, మా అమ్మ సిద్ధంగా ఉన్నాయి, ఉంది.

ఇట్లు,
విధేయుడు,
చీరాల నుంచి ఒక సినిమా ప్రేక్షకుడు